లైట్‌బాయ్‌లకు ఇళ్లు అడిగిన తుంగతుర్తి డాక్టరు

పరీక్షల ఫలితాలు వచ్చే రోజుల్లో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సంఘాల్లో ఆదివారం ప్రార్థన మనవులన్నీ దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. మెడిసిన్‌లో సీటు రావాలి, ఇంజనీరింగ్‌లో మంచి ర్యాంకు రావాలి. వచ్చిన ఇంటివారు ముందుకొచ్చి సాక్ష్యం చెబుతారు, ఆరాధన అయ్యాక మిఠాయి పంచుతారు. రాని ఇంటివారు ఆ వారం వెనక బెంచీలో కూర్చుని, ఆశీర్వచనం కాగానే ఇంటికి వెళ్లిపోతారు. సీటు వచ్చి, చదువు పూర్తయి, తీరా డాక్టరయ్యాక ఆ తెల్లకోటు పక్కన పెట్టి సినిమాల్లోకి వెళ్తానని పిల్లవాడు అన్నాడనుకోండి, ఆ ఇంట్లో ఉపవాస ప్రార్థనలు మొదలవుతాయి. ఎగతాళికి అంటున్న మాట కాదిది. కన్నవాళ్ల భయం మాకూ తెలుసు.

సరిగ్గా ఆ పనే చేసిన మనిషి ఒకరు మన సూర్యాపేట ప్రాంతంలో పుట్టారు. డాక్టర్ మందాడి ప్రభాకర్‌రెడ్డి. యాభై దాటినవాళ్లకు పేరు చెప్పగానే ముఖం గుర్తొస్తుంది. కుర్రవాళ్లకు పేరు తెలియకపోయినా, టీవీలో పాత సినిమా వస్తున్నప్పుడు కోర్టు సీనులో నల్లకోటు వేసుకునో, పోలీసు దుస్తుల్లోనో, పెద్దింటి యజమానిగానో కనిపించే ఆ గంభీరమైన మనిషిని చూసే ఉంటారు. ఆయన మన సంఘాలకు చెందినవారు కాదు. అయినా ఈ వారం సంపాదకీయంలో ఆయన జీవితం చెప్పుకోవాలనిపించింది. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

ఆయన 1935 అక్టోబరు 8న తుంగతుర్తిలో పుట్టారు. తండ్రి లక్ష్మారెడ్డి, తల్లి కౌసల్య. అప్పుడది నిజాం రాజ్యం, నల్లగొండ జిల్లా. ఆయనకు పదకొండేళ్లు వచ్చేసరికి ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ భూమి కోసం లేచాయి. సూర్యాపేట తాలూకా తెలంగాణ సాయుధ పోరాటానికి గుండెకాయ లాంటిది. వెట్టి, గడీ, దొర, దున్నేవాడికే భూమి అన్న మాటలు పెద్దవాళ్లు ఇళ్లలో గొంతు తగ్గించి, పొలాల్లో గొంతు పెంచి మాట్లాడుకున్న కాలం. 1946 నుంచి 1951 దాకా ఆ పోరాటం నడిచింది. అంటే ఒక పిల్లవాడు బడికి వెళ్లే వయసంతా అందులోనే గడిచింది. నాబోతు ద్రాక్షతోట కథను మనం సండేస్కూల్లో చార్టు మీద బొమ్మలు చూపించి చెప్పుకుంటాం. పితరుల స్వాస్థ్యాన్ని రాజుకు అమ్మనన్నందుకు ప్రాణం పోగొట్టుకున్న రైతు కథ అది. తుంగతుర్తి, సూర్యాపేట పల్లెల్లోని మన తాతముత్తాతలకు ఆ కథ చార్టు మీద చూడాల్సిన అవసరం లేకపోయింది.

ఆ పిల్లవాడు చదువుకోసం హైదరాబాదు చేరారు. సిటీ కాలేజీలో ఇంటర్మీడియెట్, ఆ తర్వాత 1955 నుంచి 1960 వరకు ఉస్మానియా మెడికల్ కాలేజీలో వైద్యవిద్య. ఆయన చదువు మధ్యలోనే, 1956లో, ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఒక కుర్రవాడు పల్లె నుంచి వెళ్లి ఆ రోజుల్లో డాక్టరు కావడమంటే ఎంత పెద్ద మాటో మన ప్రాంతం వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. రోగం ముదిరితే మంచం మీద వేసుకుని మోసుకుపోవాల్సిన రోజులు. మిషన్ ఆస్పత్రుల పుణ్యమా అని మన సంఘాల్లో వైద్యుణ్ణి సగం దైవసేవకుడిగా చూసే అలవాటు కూడా అప్పటినుంచే ఉంది.

1960లో చదువు పూర్తయింది. అదే ఏడాది గుత్తా రామినీడు తీసిన 'చివరకు మిగిలేది' సినిమాలో ఆయన తెర మీద కనిపించారు. మానసిక రోగుల ఆస్పత్రిలో పనిచేసే ఒక నర్సు కథ అది. సావిత్రి ఆ నర్సు. ఆస్పత్రి నుంచి బయటికొచ్చిన కొత్త డాక్టరుకు దొరికిన మొదటి సినిమా మళ్లీ ఆస్పత్రి సినిమానే కావడం చూస్తే మాకు నవ్వొస్తుంది.

ఆ తర్వాత 37 ఏళ్లు, 470కి పైగా సినిమాలు. అందులో హీరో వేషాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. విలనుగా, లాయరుగా, జడ్జిగా, తండ్రిగా, అన్నగా, ఏది ఇస్తే అది చేశారు. నటన ఒక్కటే కాదు, 21 సినిమాలకు కథలు రాశారు. 'పచ్చని సంసారం', 'పండంటి కాపురం', 'గాంధీ పుట్టిన దేశం', 'గృహప్రవేశం', 'ధర్మాత్ముడు' ఆ కోవలోవే. పేర్లు చూడండి, సగం ఇంటి పేర్లే. 1972లో వచ్చిన 'పండంటి కాపురం' ఒక ఉమ్మడి కుటుంబం విరిగి మళ్లీ అతుక్కునే కథ. ఎస్.వి. రంగారావు, గుమ్మడి, కృష్ణ, జమున లాంటివాళ్లు నటించారు. ఆ ఏడాది ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు అందుకుంది.

ఇక్కడ మాకు లూకా గుర్తొస్తాడు. పౌలు తన పత్రికలో ప్రియమైన వైద్యుడని పేర్కొన్న మనిషి ఆయన. ఆయన చేత్తో నయమైన రోగి ఒక్కడి పేరు కూడా మనకు మిగల్లేదు. ఆయన రాసిపెట్టిన కథలు మాత్రం మిగిలాయి. దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ణి ఎత్తుకున్న సమరయుడు, ఆస్తి పంచుకుని పోయి పందుల దగ్గర తేలిన చిన్నకొడుకు, ఇంటి గుమ్మంలో కుక్కలు పుండ్లు నాకిన లాజరు, ఈ ముగ్గురూ ఒక్క లూకా సువార్తలోనే ఉన్నారు. సినిమా కథలనూ సువార్తనూ ఒక తక్కెడలో పెట్టే ఉద్దేశం మాకు లేదు. వైద్యుడు కథ చెప్పడానికి కూర్చుంటే చదువు వృథా అయిందని ఠక్కున అనేయకూడదని మాత్రమే మా మనవి.

నిజానికి తెలుగు తెర మీదికి ఎవరూ ఒకే దారిలో రాలేదు. ఎన్.టి. రామారావు సబ్ రిజిస్ట్రార్ ఉద్యోగంలో చేరి కొద్ది వారాల్లోనే వదిలేసి వచ్చారు. ఎస్.వి. రంగారావు అగ్నిమాపక శాఖలో పనిచేశారు. జగ్గయ్య ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివారు. అల్లు రామలింగయ్య హోమియో మందులిచ్చేవారు, సినిమాల్లో స్థిరపడ్డాక కూడా ఆ అలవాటు మానలేదు. మరాఠీ, హిందీ తెరల మీద పెద్ద నటుడైన శ్రీరామ్ లాగూ చెవి, ముక్కు, గొంతు శస్త్రవైద్యుడు. వలలు వదిలినవారు, సుంకపు మెట్టు దగ్గర నుంచి లేచి వచ్చినవారు, డేరాలు కుట్టుకుంటూనే తిరిగినవారు మన అపొస్తలుల్లోనే ఉండగా దీని మీద మనకు ఆశ్చర్యమెందుకు?

మళ్లీ ప్రభాకర్‌రెడ్డి గారి దగ్గరికి వద్దాం. 1974లో కె.బి. తిలక్ 'భూమి కోసం' తీశారు. ఆ పేరు వింటేనే తుంగతుర్తి మనిషి దానికి దూరంగా ఉండలేరని అనిపిస్తుంది. రాజమండ్రి నుంచి వచ్చిన లలితారాణి అనే అమ్మాయి ఆ సినిమాలో ఒక పాటలో మూడు నిమిషాలు కనిపించింది. ఆమెను తెరకు పరిచయం చేసి జయప్రద అని పేరు పెట్టింది ప్రభాకర్‌రెడ్డేనని సినిమావాళ్లు చెప్పుకుంటారు. 1980లో 'యువతరం కదిలింది' సినిమాలో నటనకు ఆయనకు నంది అవార్డు వచ్చింది. తర్వాత 'పల్లె పిలిచింది'కి మరోసారి. భూమి, పల్లె, పేదవాడు. డాక్టరుగారు మద్రాసులో ఉన్నా ఆయన మనసు తిరుగుతున్నది మన ఊళ్లలోనే.

ఆ రోజుల్లో తెలుగు సినిమా అంతా మద్రాసులో ఉండేది. 1970ల మధ్య నుంచి హైదరాబాదులో స్టూడియోలు పెరిగాయి. అన్నపూర్ణ, రామకృష్ణ స్టూడియోలు వచ్చాయి. పరిశ్రమ కొంచెం కొంచెంగా ఇటు జరిగింది. హీరోలకు బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ ఉన్నాయి. వాళ్ల వెనక వచ్చినవాళ్ల సంగతి? సినిమావాళ్లు 24 క్రాఫ్ట్స్ అంటారు. లైట్లు మోసేవాళ్లు, సెట్టుకు మేకులు కొట్టేవాళ్లు, దుస్తులు ఇస్త్రీ చేసేవాళ్లు, మేకప్ అసిస్టెంట్లు, గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టులు, డ్రైవర్లు, టీ అందించే ప్రొడక్షన్ బాయ్‌లు. కృష్ణానగర్‌లో, యూసుఫ్‌గూడలో ఇరుకు గదుల్లో అద్దెకు ఉంటూ, రోజు షూటింగ్ ఉంటే రోజు కూలి, లేకపోతే లేదు. వయసు మళ్లాక పిలుపు రాదు, అద్దె మాత్రం నెలనెలా వస్తుంది.

ఇంతవరకు చదివి, సినిమావాళ్ల కష్టాలతో మనకేం పని అనుకునేవారు మన సంఘాల్లో ఉంటారని మాకు తెలుసు. సినిమా సాతాను వల అని పుల్పిట్ మీది నుంచి విన్న తరం మనది. ఆ మాటలో నిజం లేదని మేము అనం, తెర మీద వచ్చే చెత్త మా కళ్లకూ కనిపిస్తూనే ఉంది. కానీ 1978లో వచ్చిన 'కరుణామయుడు'ను ఊరి మధ్య రెండు గుంజలకు తెల్లగుడ్డ కట్టి చూపిస్తే, చాపలు పరుచుకుని, సిలువ దృశ్యం దగ్గర కొంగుతో కళ్లు ఒత్తుకుంది మన అమ్మమ్మలే కదా! ఆ సిలువ మీద వెలుగు పడేలా లైటు పట్టుకుని నిలబడ్డ మనిషి ఎవరో, ఆ రాత్రి ఎక్కడ పడుకున్నాడో మనలో ఎవరం అడిగాం?

ప్రభాకర్‌రెడ్డి అడిగారు. సినీ కార్మికులకు సొంత ఇళ్లు ఉండాలన్న పట్టుదలతో, సహకార గృహనిర్మాణ సంఘం తరఫున ప్రభుత్వం చుట్టూ తిరిగారు. సొంత భూమి కూడా ఇందుకోసం ఇచ్చారని కార్మికులు చెప్పుకుంటారు. హైదరాబాదు శివార్లలో, మణికొండ దగ్గర సుమారు 67 ఎకరాలు కార్మికుల ఇళ్ల కోసం దక్కాయి. అప్పటికి అది రాళ్లూ రప్పలూ తప్ప ఏమీ లేని చోటు. ఐటీ కంపెనీలు ఇంకా రాలేదు. ఇప్పుడక్కడ గజం ధర ఎంత పలుకుతుందో మీకు తెలుసు కాబట్టి మేము లెక్క వేయం.

ఒక మాట గమనించండి. డాక్టరుగా ఆయన ఊళ్లో కూర్చుని ఉంటే రోజుకు ఇంతమందిని చూసేవారు, పేరు తెచ్చుకునేవారు. అదీ మంచి జీవితమే, అందులో తక్కువేమీ లేదు. నటుడిగా తన పారితోషికం, తన ఇల్లు తాను చూసుకున్నా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. తోటి నటులు చాలామంది చేసింది అదే. ఆయన చూపు కెమెరా ముందు నిలబడ్డవాళ్ల మీద కాకుండా, కెమెరా వెనక చీకట్లో నిలబడ్డవాళ్ల మీద పడింది. వైద్యుడి చూపు అదేనేమో, నొప్పి ఎక్కడుందో అక్కడే చెయ్యి పెడతాడు.

మన జిల్లాలోనే పుట్టిన మరో నటుడి జీవితం దీని పక్కన పెట్టి చూడాలి. కోదాడ దగ్గర గుడిబండలో 1923 నవంబరు 16న పుట్టిన కాంతారావు. జానపద సినిమాల్లో కత్తి పట్టుకుంటే ఆయనకు ఎదురులేదు, కత్తి కాంతారావు అనే పిలిచేవారు. 'లవకుశ'లో లక్ష్మణుడు, 'నర్తనశాల'లో కృష్ణుడు, లెక్కలేనన్ని సినిమాల్లో నారదుడు. పేరు, డబ్బు, ఊళ్లో పొలాలు, అన్నీ ఉండేవి. భార్య హైమవతి పేరున హైమా ఫిలిమ్స్ పెట్టి 'సప్తస్వరాలు', 'గండర గండడు' లాంటి సినిమాలు సొంతంగా తీశారు. నష్టం వచ్చింది. మళ్లీ తీశారు, మళ్లీ వచ్చింది. ఒక్కొక్క సినిమాకు కొంత భూమి పోయింది. రాజకుమారుడి వేషాలు వేసిన మనిషి చివరి రోజుల్లో హైదరాబాదులో అద్దె ఇంట్లో, చిన్న చిన్న వేషాలు, టీవీ సీరియళ్లు చేసుకుంటూ బతికారు. 2009 మార్చి 22న కన్నుమూశారు. ఆయన్ను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. తనకు ప్రాణమైన కళ మీద తన సొంత ఆస్తి పెట్టారు, ఎవరి సొమ్మూ తినలేదు. కోదాడ పాఠకుల్లో పెద్దవాళ్లకు ఆయనంటే ఎంత అభిమానమో మాకు తెలుసు. అంత పెద్ద నటుడికే చివర్లో తలదాచుకోవడం కష్టమైతే, పేరు కూడా తెర మీద పడని లైట్‌మన్ గతి ఏమిటన్నదే మా బాధ. ప్రభాకర్‌రెడ్డి ఇళ్ల కోసం అంతగా ఎందుకు పట్టుబట్టారో కాంతారావు జీవితం చూస్తే అర్థమవుతుంది.

ఇక మన ఇంటి సంగతికి వద్దాం, ఎందుకంటే పక్కవాడి కంట్లో నలుసు గురించి మాట్లాడి ఆగిపోవడం మన ప్రభువుకు నచ్చదు. మన సంఘాల్లో కూడా వెలుగులో నిలబడేవాళ్లూ, చీకట్లో నిలబడేవాళ్లూ ఉన్నారు. కన్వెన్షన్ పోస్టరు మీద ఫొటో పడే ప్రసంగీకులు వేరు. ముప్పై ఏళ్లు సైకిల్ మీద ఐదు పల్లెలు తిరిగి బాప్తిస్మానికి జనాన్ని సిద్ధం చేసిన ఉపదేశి వేరు. ఇంటింటికీ నడిచి ప్రార్థన చేసిన బైబిల్ ఉమెన్ వేరు. తెల్లవారకముందే గంట కొట్టి, బెంచీలు తుడిచిన వాచ్‌మన్ వేరు. పదవీ విరమణ రోజు శాలువా కప్పుతాం, ఫొటో తీసుకుంటాం, నెల తిరిగేలోగా పాస్టరేజీ ఖాళీ చేయమంటాం. ఆ తర్వాత ఆ కుటుంబం ఏ ఊళ్లో, ఏ అద్దె గదిలో ఉందో పాస్టరేట్ కమిటీ రికార్డుల్లో ఎక్కడా ఉండదు. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బస్తాలు మోసే విశ్వాసులు ఇస్తున్న కానుకల్లోంచే మన గుడులకు గ్రానైటు పరుస్తున్నాం. తప్పు కాదు. కానీ గ్రానైటు పరిచిన ఏడాదే ఆ ఊరి పాత ఉపదేశి ఇంటికి కప్పు వేసిన సంఘం ఎన్ని ఉన్నాయి?

మన దగ్గర భూమి లేదని మాత్రం అనలేం. వందేళ్ల కింద మిషనరీలు కొని వదిలి వెళ్లిన కాంపౌండ్లు తెలుగునాట పట్టణాల నడిబొడ్డున ఉన్నాయి. వాటిలో ఎన్ని కోర్టు కేసుల్లో నలుగుతున్నాయో, ఎన్ని షాపింగ్ కాంప్లెక్సులు అయ్యాయో మీ కళ్ల ముందే ఉంది. కుప్ర ద్వీపం నుంచి వచ్చిన బర్నబా తన పొలం అమ్మి ఆ సొమ్ము అపొస్తలుల పాదాల దగ్గర పెట్టాడని అపొస్తలుల కార్యములలో చదువుకుంటాం. ఆ సొమ్ము అక్కర ఉన్నవాళ్లకు పంచారు, ఆఫీసు కట్టలేదు.

ప్రభాకర్‌రెడ్డి తలపెట్టిన పని కూడా సాఫీగా సాగలేదు, ఆ సంగతి దాచనక్కర్లేదు. స్థలం వచ్చినా ఇళ్లు లేవడానికి ఏళ్లూ పూళ్లూ పట్టింది. నిజమైన కార్మికులకు కాకుండా బయటివాళ్లకు ఇళ్లు వెళ్లాయన్న ఆరోపణలు వచ్చాయి, కేసులు నడిచాయి. చర్చి కాంపౌండ్ల గొడవలు చూసినవాళ్లకు ఇదేమీ కొత్తగా అనిపించదు. ఒకరు మంచి మనసుతో మొదలుపెట్టిన పనిని తర్వాత చేతికందుకున్నవాళ్లు ఎలా నడుపుతారో మొదలుపెట్టినవాడి చేతిలో ఉండదు. అయినా ఈ రోజు అక్కడ సొంత గడపలో కూర్చుని టీ తాగుతున్న కార్మికులు ఉన్నారు. ఎన్నో ఏళ్లు కృష్ణానగర్‌లో అద్దె కట్టినవాళ్లు.

ఆ ఇళ్లు ఆయన చూడలేదు. 1997 నవంబరు 26న కన్నుమూశారు, 62 ఏళ్ల వయసులో. కాలనీకి డాక్టర్ ఎం. ప్రభాకర్‌రెడ్డి చిత్రపురి అని పేరు పెట్టారు. ఆటోవాళ్లు చిత్రపురి కాలనీ అని మాత్రమే అంటారు. కార్మికులు మాత్రం ఆ పేరులోని మొదటి మాట వదిలిపెట్టలేదు. మందులచీటీ రాయడం ఎప్పుడో మానేసినా, ఆయన వాళ్లకు చివరిదాకా డాక్టరే.